రెండో గీత

మలినం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రసాయనశాస్త్రంలో అది మామూలు మాట. ఉప్పులో ఇసుక కలిస్తే ఇసుక మలినం, ఇసుకలో ఉప్పు కలిస్తే ఉప్పు మలినం. అందులో ఎవరినీ తిట్టడం లేదు. ఆ మాటను ఒక మనిషి మీదికి విసరొచ్చని, విసిరి ఏమీ ఎరగనట్టు కళ్ళజోడు తుడుచుకోవచ్చని నేను మా సారు దగ్గర నేర్చుకున్నాను. ఆయన గురించి 'అన్నారు, చేశారు' అని రాద్దామని చూశాను. చెయ్యి రావడం లేదు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి ఏళ్ళు అవి. తిరుపతిలో ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ముగించి అక్కడే పరిశోధనలో చేరాను. మాది పాకాల. నాయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైలు కట్టకు అవతల చర్చి ఉన్న వీధిలో మా ఇల్లు. ఆ వీధి పేరు చెబితే చాలు, మేము ఎవరమో అడగాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు. పొద్దున మీటర్ గేజి ప్యాసింజరెక్కి తిరుపతికి పోవడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం. మా వీధిలో ఎమ్మెస్సీ చదివిన ఆడపిల్లను నేనే. క్లాసులో మొదటి ర్యాంకు రావడంతో, ఏ సారు దగ్గర చేరతావని డిపార్ట్‌మెంటు హెడ్డు అడిగినప్పుడు నాకు నచ్చిన పేరు చెప్పగలిగాను.

ఆ పేరు మా సారుది. గుడి వీధుల్లో పాత మిద్దె. తాతల కాలం నుంచి స్వామి సేవలో ఉన్న కుటుంబం. నామం లేని ఆయన నుదురును నేనెప్పుడూ చూడలేదు. పాఠం మాత్రం గొప్పగా చెప్పేవాడు. ఆ మాట మింగేసి తక్కినదంతా రాస్తే అది అన్యాయం. అణువులోంచి ఎలక్ట్రాన్ బయటికి రావడాన్ని ఆయన చెబుతుంటే కళ్ళ ముందు జరుగుతున్నట్టే ఉండేది. ఆయన దగ్గర చేరడానికి కారణం ఆ పాఠమే.

మా పని ఏమిటో చెబుతాను. ఒక చిన్న గాజుపాత్రలో పల్చటి ఆమ్లం, అందులో కాస్త సేంద్రియ పదార్థం. ఆ ద్రావణంలో ఒక ప్లాటినం తీగ ముంచి దాని మీది విద్యుత్ ఒత్తిడిని మెల్లగా పెంచుతాం. ఒక స్థాయికి వచ్చేసరికి ఆ తీగ, అణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. దాన్నే ఆక్సీకరణం అంటారు. అప్పుడు కరెంటు పెరుగుతుంది, పక్కనున్న రికార్డరులో పెన్ను పైకి లేస్తుంది, కాగితం మీద ఒక గూను పడుతుంది. తర్వాత ఒత్తిడిని వెనక్కి దించి, తీగను బయటికి తీయకుండానే ఇంకోసారి పెంచుతాం. రెండో గీత పడుతుంది. ఆ గూనులు ఎక్కడ లేచాయి, ఎంత ఎత్తు లేచాయి అన్నది చూసి, అణువు ఎలక్ట్రాన్లను ఎలా పోగొట్టుకుంది, పోగొట్టుకున్నాక ఏమైంది అని తేల్చాలి.

నాకు ఇచ్చిన పదార్థం ఎనిలీన్ జాతిది. శుద్ధి చేస్తే తెల్లటి సూదుల్లా ఉంటుంది, గాలి తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ అణువు ఒకే దెబ్బకు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటుందని, అంతటితో కథ ముగిసిపోతుందని మా సారు అంతకుముందే ఒక పేపరు అచ్చు వేయించుకుని ఉన్నాడు. ఆ మాట దేశంలో నలుగురు ఎత్తి చెప్పుకునేవాళ్ళు. నేను అదే పదార్థాన్ని వేర్వేరు ఆమ్లాల్లో కొలిచి, ఆయన చెప్పింది నిజమేనని ఇంకాస్త వివరంగా రాయాలి. నాకు అప్పజెప్పింది అంతే.

చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. ల్యాబులో ఒక మూల పెద్ద గాజు జాడీలో డిస్టిల్డ్ వాటర్ ఉండేది. జాడీకి అడుగున కొళాయి. సామాను చివరగా ఆ నీళ్ళతోనే కడగాలి. నేను కొళాయి తిప్పబోతుంటే సారు వెనక నుంచి అన్నాడు.

"జాడీ నువ్వు ముట్టుకోవద్దమ్మా. నీళ్ళు కావాలంటే అటెండరును అడుగు. ఎక్కువ చేతులు పడితే నీళ్ళు పాడైపోతాయి."

కొత్తవాళ్ళకు ఇది నియమం కాబోలు అనుకున్నాను. అటెండరు మంచివాడే, కానీ ఆయనకు వంద పనులు. "అన్నా, నీళ్ళు కావాల" అని అడగడం, వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నా దినచర్యలో భాగమైపోయింది. కొన్నాళ్ళకు సారు దగ్గర ఇంకొక అబ్బాయి చేరాడు. సారు వాళ్ళకు దూరపు బంధువు, నెమ్మదైన మనిషి. అతను మొదటి రోజే జాడీ దగ్గరికి పోయి, కొళాయి తిప్పి, నీళ్ళు పట్టుకున్నాడు. సారు అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజు నాకు నియమం అర్థమైంది.

ఎండలు ముదరకముందే నా గీతల్లో ఒక కొత్త సంగతి కనిపించింది. మొదటి గీతలో సారు చెప్పిన చోట పెద్ద గూను ఒక్కటే పడింది. రెండో గీతలో మాత్రం దానికంటే ముందే, తక్కువ ఒత్తిడి దగ్గరే, ఒక చిన్న గూను లేచింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ప్లాటినం తీగ చుట్టూ లేత పసుపు రంగు పొగలాగా అల్లుకోవడం కూడా చూశాను. కాగితం తీసుకుని పరుగులాంటి నడకతో సారు గదికి పోయాను.

"సార్, రెండో గీతలో ఈడ కొత్తది ఒకటి వస్తా ఉండాది" అన్నాను. ఉత్సాహంలో మా ఊరి మాట వచ్చేసింది.

ఆయన కాగితం చేతికి తీసుకోలేదు. బల్ల మీద పెట్టమని వేలితో చూపించి, వంగి చూశాడు. "మలినం. మళ్ళీ శుద్ధి చెయ్" అన్నాడు.

చేశాను. వేడి ఆల్కహాలులో కరిగించి, వడగట్టి, చల్లార్చి, సూదులు తీసి ఆరబెట్టి, మళ్ళీ కొలిచాను. గూను అలాగే ఉంది. మళ్ళీ శుద్ధి చెయ్యమన్నాడు. ఆ ఏడు తిరుపతిలో నీళ్ళ కరువు. కొళాయిల్లో పొద్దున కాసేపు సన్నగా నీళ్ళు వచ్చేవి, ఆగిపోయేవి. మధ్యాహ్నం కరెంటు పోయేది. రికార్డరు గీత మధ్యలో ఆగి చచ్చిపోయేది. ఆల్కహాలు వాసనకు, ఎండకు తల పగిలిపోతుంటే ఆ పదార్థాన్నే శుద్ధి చేస్తూ ఎండాకాలమంతా గడిపాను. సూదులు ప్రతిసారీ ఇంకా తెల్లగా వచ్చాయి. రెండో గీతలో గూను మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

తగ్గనిది మలినం ఎలా అవుతుంది? అంతకంటే చిన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. ద్రావణంలో మలినముంటే మొదటి గీతలోనే కనిపించాలి కదా? తీగను సరిగ్గా కడగలేదంటే, ఆ మురికి కూడా మొదటి గీతలోనే బయటపడాలి. రెండు గీతల మధ్యలో నేను తీగను బయటికి తీయను, ఏమీ కలపను, దేన్నీ ముట్టుకోను. మొదటి గీతలో లేనిది రెండో గీతలో వచ్చిందంటే, మొదటి గీత గీస్తున్నప్పుడే అది పాత్రలో పుట్టి ఉండాలి. అణువు ఒక్క ఎలక్ట్రానే పోగొట్టుకుని, నిలవలేక, తనలాంటి ఇంకొకదానితో జతకట్టిందనుకుంటే అన్నీ సరిపోతాయి. ఆ జత తన ఎలక్ట్రాన్లను ఇంకా సులభంగా వదులుతుంది. అందుకే కొత్త గూను ముందుగా లేస్తోంది. పదో తరగతి పిల్లకైనా కాసేపు కూర్చోబెట్టి చెబితే తెలిసే లెక్క ఇది. ఆయన అంత పాఠం చెప్పిన మనిషి. ఆయనకు తెలియదా?

ఒక రోజు ల్యాబులో అందరూ ఉండగా ఇదంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"పదార్థంలో లేదంటావు. సరే. అయితే సామానులో ఉంది. సామానులో లేదంటే" అని ఆగి నా చేతుల వైపు చూశాడు. "మీ ఇళ్ళల్లో కడుక్కోవడం వేరమ్మా. ఇక్కడ కడగడం వేరు. అది ఒక్క తరంలో వచ్చేది కాదు."

ఎవరో నవ్వారు. తక్కినవాళ్ళు బల్లల మీదికి వంగారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. నైట్రిక్ యాసిడ్ పడి వేళ్ళ మీద పసుపు మచ్చలుండేవి. కడిగి కడిగి అరచేతుల్లో చర్మం లేచిపోయి ఉండేది. ఆ చేతుల్ని ఆయన ముందు దాచుకున్నానని తలుచుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, రాస్తున్న ఈ బల్లను ఒక్క గుద్దు గుద్దాలనిపిస్తుంది.

తర్వాత ఆయన నన్ను గదికి పిలిచి, థీసిస్ మొదటి అధ్యాయం రాసి తెమ్మన్నాడు. రెండో గీతలో కనిపించేది మలినం వల్లనేనని అందులో ఒక వాక్యం ఉండాలని, అది రాస్తే తక్కిన పని చకచకా అయిపోతుందని చెప్పాడు. మాట మెత్తగానే ఉంది. నాకు ఏదో మేలు చేస్తున్నట్టే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన డ్యూటీ దిగి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం పాపా, మొగం అట్లుండాదేం?"

అన్నాలు తినేటప్పుడు చెప్పాను. గీత, గూను అన్నీ ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. నాయన ఊకొడుతూ తిన్నాడు.

"ఆయప్ప ఎట్ల చెప్తే అట్ల రాసిచ్చేయ్ పాపా. పెద్దోళ్ళతో మనకేల? పట్టా చేతికొచ్చినాక నీకు ఇష్టమొచ్చింది రాసుకో."

"అది అబద్ధం నాయనా."

"అబద్ధమో నిజమో సూసేదానికి ఎవరొస్తారు? నీ యంత్రంలో గీత ఎట్ల పడితే యేముండాది లోకానికి?"

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. "నేను కడిగేది సరిగ్గా లేదంటాడు. కడిగేదానికి నీళ్ళు నన్ను పట్టుకోనిస్తేనే కదా. అడుక్కోని అడుక్కోని కడగతా ఉండా" అన్నాను విసురుగా. అంతవరకు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పడానికే సిగ్గుగా ఉండేది.

అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఏం నీళ్ళు? వాళ్ళు తాగే నీళ్ళా?"

"కాదుమా. సామాను కడిగే నీళ్ళు."

"సామాను కడిగే నీళ్ళు గూడా నువ్వు ముట్టుకోకూడదా?"

 నాయన కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"చేరినప్పట్నుంచి."

ఆయన ఇంకొక ముద్ద కలపలేదు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. గడప దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, "అట్లయితే ఆయప్ప చెప్పింది రాయొద్దు పాపా" అన్నాడు. "ఒక్క అక్షరం గూడా రాయొద్దు."

నేను రాయలేదు. ఇవాళ, రేపు అంటూ తప్పించుకున్నాను. సారు నాతో మాట్లాడడం మానేశాడు. నా పని ఆగిపోయింది. అటెండరు నీళ్ళు తెచ్చి ఇవ్వడానికి కూడా జంకడం మొదలుపెట్టాడు. ఈ మధ్యలో నా పదార్థాన్నే ఇంకొక సీసాలోంచి తీసి ఆ బంధువుల అబ్బాయికి ఇచ్చారని తెలిసింది. అతను నా పక్క బల్ల దగ్గరే కొలిచేవాడు. ఏం వస్తోందని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

వానలు మొదలయ్యాక ఒక శనివారం సెమినారు పెట్టారు. మద్రాసు వైపు నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు, ఎవరిదో థీసిస్ పరీక్షకు. మా కాలేజీకి వచ్చే పరీక్షకులంతా కుటుంబంతో వచ్చేవాళ్ళు. పరీక్ష ముగియగానే కొండకు కారు ఎక్కడం. దర్శనం ఏర్పాట్లన్నీ మా సారే చూసేవాడు. గుళ్ళో ఆయనకు తెలియనివాళ్ళు లేరు. ఆ రోజు కూడా ప్రొఫెసరు గారి భార్య, పిల్లలు గెస్ట్‌హౌసులో సిద్ధమై కూర్చున్నారు.

సారు బోర్డు మీద సుద్దతో ఒక గీత గీశాడు. దాని మీద రెండో గీత గీశాడు. రెండో గీతలో పెద్ద గూనుకు ముందు ఒక చిన్న గూను పెట్టాడు.

"మా కుర్రవాడు ఒక కొత్త సంగతి పట్టాడు" అన్నాడు గెస్టు వైపు తిరిగి. "అణువులు జతకడుతున్నాయని మా అభిప్రాయం. చాలా శుభ్రంగా చేశాడు కాబట్టి దీన్ని నమ్మొచ్చు."

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకున్నట్టు కూడా గుర్తు లేదు.

"సార్, ఆ గీత నేను మీకు ఎండాకాలంలోనే చూపించినాను."

ఆయన సుద్ద కింద పెట్టాడు. "నువ్వు చూపించింది మలినం."

"చోటు అదే సార్. ఎత్తు కూడా అదే."

"చోటు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావమ్మా. నీది మలినం. ఇతను చూపించింది పదార్థం గుణం. కూర్చో."

నా చేతిలో పుట్టినప్పుడు మురికి, అతని చేతిలో పుట్టినప్పుడు శాస్త్రం. అదే గీత. ఇంత పచ్చిగా, ఇంతమంది ముందు, తడుముకోకుండా అనగలిగాడంటే, ఆ గదిలో ఎవరూ ఎదురు చెప్పరని ఆయనకు ఎంత గట్టి నమ్మకమో చూడండి.  

"అయితే ఇప్పుడే చేద్దాం సార్. నా సీసాలో పదార్థం తీసుకోండి. సామాను మీరే కడగండి, మీరే కొలవండి. నేను దేన్నీ ముట్టుకోను. గోడ పక్కన నిలబడతాను."

"ఇది సెమినారు. తమాషా కాదు."

ఆ వచ్చిన ప్రొఫెసరుకు మా గొడవ ఏమీ తెలియదు. "చేసి చూడొచ్చు కదా. ఎంతసేపు పని?" అన్నాడు అరవ యాస తెలుగులో. గెస్టు మాట తీసెయ్యడం సారుకు కుదరలేదు.

అందరం ల్యాబులోకి పోయాం. సారు చొక్కా చేతులు మడిచి, తీగను పొడితో రుద్ది, ఆమ్లంలో ముంచి, జాడీ నీళ్ళు పట్టి కడిగాడు. నా సీసాలో సూదులు తీసుకుని ద్రావణం చేశాడు. పెన్ను కదిలింది. మొదటి గీతలో పెద్ద గూను ఒక్కటే. వెనక్కి దిగింది. రెండోసారి బయలుదేరి, పెద్ద గూను ఇంకా రాకముందే, చిన్నగా పైకి లేచింది. 

"ఇప్పుడు అతని పదార్థంతో నేను చేస్తాను" అని, ఎవరి అనుమతీ అడగకుండా జాడీ దగ్గరికి పోయాను. అటెండరు అలవాటుగా ముందుకొచ్చాడు. "వద్దన్నా, నేను పట్టుకుంటా" అని కొళాయి తిప్పాను. చల్లటి నీళ్ళు. అన్ని నెలల్లో ఆ కొళాయి మీద చెయ్యి వేయడం అదే మొదలు. కడిగాను, కొలిచాను. రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. గీత మీద గీత పడింది. ఎవరు చేసింది ఏదో చెప్పడానికి లేదు.

"రెండూ ఒకటేనే" అన్నాడు ప్రొఫెసరు.

అప్పుడైనా ఏదో ఒకటి అంటాడనుకున్నాను మా సారు. పొరపాటైందని అనకపోయినా పోనీ, మౌనంగా ఉన్నా సరిపోయేది. ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"అవును సార్. ఈ మధ్య ఈ అమ్మాయికి కడగడం బాగా అలవాటైంది."

అంతా నవ్వారు. గదిలో బిగుసుకున్నదేదో వదులైనట్టు, హాయిగా నవ్వారు. ప్రొఫెసరు కూడా నవ్వి వాచీ చూసుకున్నాడు. "దర్శనానికి టైమవుతుందేమో" అన్నాడు సారు. ఇద్దరూ వరండాలోకి నడిచారు, వెనకే తక్కినవాళ్ళు.

"మొదటి గీతలో ఎందుకు లేదో ఒక్కరైనా అడగండి" అని నేను గట్టిగా అన్నాను. ఎవరూ వెనక్కి తిరగలేదు. కారు తలుపులు మూసిన చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో ఉన్న గాజు సామానంతా బయటికి తీశాను. నాది, అందరిది. ఒక్కొక్కటే జాడీ నీళ్ళతో కడిగి బోర్లించాను. జాడీ ఖాళీ అయ్యేదాకా కడిగాను. వానలొచ్చినా తీరని ఆ నీళ్ళ కరువులో అది తప్పే కావచ్చు. నాకు ఆ పూట ఏమీ పట్టలేదు. సోమవారం పోయేసరికి జాడీని పక్క గదిలోకి మార్చి ఆ గదికి తాళం వేసి ఉంచారు.

నేను నేరుగా హెడ్డు దగ్గరికి పోయి, గైడును మార్చమని అడిగాను. ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ విన్నాడు.

"ఇంకొక ఏడాది ఓర్చుకుంటే అయిపోయేది కదమ్మా. ఆయన్ని కాదన్నాక నీకు పరీక్షకుడు ఎక్కడ దొరుకుతాడు? ఈ దేశంలో ఈ సబ్జెక్టు తెలిసినవాళ్ళంతా ఆయన చేతి మీదుగా కొండెక్కినవాళ్ళే."

"జరిగింది తప్పని మీకు తెలుసా సార్?"

"తెలుసు."

"మరి ఏమన్నా అంటారా ఆయన్ని?"

 ఆయన మార్పు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. తెలిసి నోరు మూసుకున్న మనుషులు ఆ రోజుల్లో నా చుట్టూ ఎంతమందో. తెలియనివాడి మీద కోపం కొన్నాళ్ళకు చల్లారుతుంది. వీళ్ళ మీది కోపం చల్లారలేదు.

నన్ను తీసుకున్నది బావుల నీళ్ళలో ఫ్లోరైడ్ పరీక్షలు చేసే ఒక పెద్ద వయసు మేడం. ఆమె దగ్గరికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. "నీ సబ్జెక్టు నాకు సగమే తెలుసు" అంది మొదటి రోజే. "నువ్వు చేసింది నువ్వు రాయి. అర్థం కాకపోతే అడుగుతా. అర్థమైతే సంతకం పెడతా." ఆమె గదిలో డిస్టిల్డ్ వాటర్ కోసం నీళ్ళు కాచి ఆవిరి పట్టే పాత రాగి పాత్ర ఉండేది. దాన్ని నాకు అప్పజెప్పింది. నా నీళ్ళు నేనే పట్టుకున్నాను.

ఒక సాయంత్రం తిరుపతి స్టేషనులో పాకాల బండికోసం కూర్చుని ఉంటే సారు బంధువుల అబ్బాయి వచ్చాడు. 

"నాకూ రెండో గీతలోనే వచ్చిందండీ. మొదటి రోజే. మీరు చూపించిందే అని తెలుసు."

"తెలిసి మరి?"

"ఎట్లా మాట్లాడేది ఆయన ముందర. మా నాయనకు ఆయన మామ వరస."

"నేను ఒంటిదాన్ని నిలబడితే సూస్తా కూర్చున్నారు కదా మీరు."

అతను తల వంచుకున్నాడు. మనసు బాగాలేదండీ, మీరు క్షమించాలి అన్నాడు. అతని మనసు కుదుటపరచడం కూడా నా పనేనా అనిపించింది. బండి వస్తోంది, మీరు పోండి అన్నాను. క్షమించానని అనలేదు.

వాళ్ళ పేపరు అచ్చయింది. సారు పేరు, అతని పేరు. లైబ్రరీలో నిలబడే చదివాను. మొదటి గీతలో లేదు కాబట్టి మలినం కాదు అన్న నా వాదన అందులో ఇంగ్లీషులో శుభ్రంగా ఉంది. ఒక్క ఎలక్ట్రాన్ పోవడం, జతకట్టడం, అన్నీ నేను ఆ ల్యాబులో నిలబడి చెప్పిన వరసలోనే ఉన్నాయి. ఆయన పాత పేపరు తప్పని మాత్రం ఎక్కడా లేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ముందుగా అచ్చయింది అదే కాబట్టి, నా థీసిస్‌లో ఆ ఊహ గురించి రాసిన ప్రతిచోటా నేను వాళ్ళ పేర్లే పెట్టాల్సి వచ్చింది. నియమం అది. రాస్తున్నప్పుడు పెన్ను కాగితాన్ని చించేసేది.

అయితే వాళ్ళది ఊహ దగ్గరే ఆగిపోయింది. జతకట్టిన అణువును చేతిలోకి తీసి ఎవరూ చూపించలేదు. నేను పెద్ద పాత్ర తీసుకుని, పెద్ద ప్లాటినం రేకు పెట్టి, కరెంటును గంటల తరబడి వదిలాను. ద్రావణమంతా పసుపుపచ్చగా మారింది. పోయిన ఎలక్ట్రాన్లను దానికి తిరిగి ఎక్కించి, క్షారం కలిపి, వేరుచేసి, ఆల్కహాలులోంచి స్ఫటికాలు తీశాను. అవి మొదట రాలేదు. జిగురులాంటి ముద్ద వచ్చింది. నెలలు పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం చిన్న పలకల్లాంటి తెల్లటి స్ఫటికాలు పాత్ర అడుగున కూర్చున్నాయి. వేరే దారిలో తయారుచేసిన జత అణువుతో కలిపి కరిగించి చూశాను. ఒకే వేడి దగ్గర కరిగాయి, అంటే రెండూ ఒకే పదార్థం. వాటిని ద్రావణంలో వేసి తీగ పెడితే గూను సరిగ్గా అదే చోట, ఈసారి మొదటి గీతలోనే లేచింది.

సంతోషపడాల్సిన పూట. మేడం నా వీపు తట్టి, క్యాంటీను నుంచి కాఫీ తెప్పించింది. నేను ఆ గాజుపలక మీది స్ఫటికాలను చూస్తూ ఏడ్చాను. అది సంతోషం కాదు. ఇంత చిన్న సంగతికి నాతో ఇంత చాకిరీ చేయించారే అన్న ఉక్రోషం.

మేడం ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి, బెంగాల్ నుంచి ఒక పరీక్షకుణ్ణి సంపాదించింది. ఆయన ఒంటరిగా వచ్చాడు. రెండు గంటలు ప్రశ్నలు వేశాడు. స్ఫటికాల అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగి, "పూర్తి అంటే ఇది" అన్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. డాక్టరేటు వచ్చింది. నాయన స్టేషనులో అందరికీ జిలేబీ పంచాడు.

చిత్తూరులో లెక్చరరు ఉద్యోగానికి కాగితాలు తీసుకోవడానికి కాలేజీకి పోయిన రోజు, వరండాలో సారు ఎదురొచ్చాడు. చుట్టూ కొత్త విద్యార్థులు. ఆగి, నవ్వి, వాళ్ళకు నన్ను చూపించాడు.

"ఈమె నా విద్యార్థినే. నా దగ్గరే మొదలుపెట్టింది. చాలా మంచి పని చేసింది."

ఆ పిల్లలు నా వైపు చూశారు. గురువు అంత మాట అన్నాక నేను చేతులు జోడిస్తానని వాళ్ళు, ఆయన కూడా, ఎదురుచూస్తున్నారు. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. జోడించలేదు.

"మీ దగ్గర మొదలుపెట్టినమాట నిజమే సార్" అన్నాను. "ముగించింది మాత్రం వేరేచోట." ఆ పిల్లల వైపు తిరిగి, "సారు మిమ్మల్ని జాడీ ముట్టుకోనిస్తారా?" అని అడిగాను. ఇద్దరు ముగ్గురు అయోమయంగా చూశారు. వెనక నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం చూపు దించుకుంది.

సారు మొహంలో నవ్వు పోయింది. గదిలోకి వెళ్ళిపోయాడు. నేను ఆ అమ్మాయి దగ్గరికి పోయి, మేడం గది ఎక్కడుందో చూపించి, ఆమె ఏ వేళప్పుడు అక్కడ ఉంటుందో చెప్పి, కాగితాలు తీసుకుని చిత్తూరు బస్సెక్కాను.